మడత పెట్టి చూద్దాం: పర్లాకిమిడి అరుగు మీద సౌష్ఠవం

నవంబరు నెలాఖరు, ఆదివారం

సంక్రాంతి సెలవులకి ముందే ముగించాలని పెట్టుకున్న పని ఇది: మా వీధి పిల్లలకి ఆకారాల్లో సౌష్ఠవం నేర్పడం. రోజూ సాయంత్రం మా అరుగు మీదికి ట్యూషన్‌కి వచ్చే పిల్లలే. ఐదారేళ్ల వాళ్లు చిన్న జట్టు, ఏడెనిమిదేళ్ల వాళ్లు పెద్ద జట్టు. అందరి ఇళ్లలోనూ తెలుగే. బడి కొందరిది ఒడియా మీడియం, కొందరిది ఇంగ్లీషు. దెబ్బలాట మాత్రం మూడు భాషల్లోనూ నడుస్తుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి ఇటు, పక్కనే ఉన్న పాతపట్నం అటు అయిపోయాయి గానీ, మాటలకి అలాంటి గీతేమీ పడలేదు.

నాకు కావలసిందేమిటో ముందే రాసి పెట్టుకుంటున్నాను. ఒక అట్టముక్కో, ఆకో, ముగ్గో ఇచ్చి "దీన్ని సరిగ్గా కలిసేలా మడవగలమా? ఎన్ని రకాలుగా?" అని అడిగితే, నా మొహం వంక చూడకుండా వాళ్లే తేల్చి చెప్పాలి. నిర్వచనాలు అప్పజెప్పక్కర్లేదు. పుస్తకంలో సౌష్ఠవ రేఖ అని ఉండేదాన్ని మేం మడత గీత అనుకుందాం. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఐదేళ్ల పిల్లతో సౌష్ఠవాక్షం అంటూ మొదలుపెడితే బాగోదు.

సీతాకోకచిలుక బొమ్మతో మొదలుపెట్టకూడదని కూడా అనుకున్నాను. ఏ పుస్తకం తీసినా మొదటి పేజీలో అదే. రెక్కలు రెండూ అచ్చు గుద్దినట్టు ఉంటాయి, మధ్యలో చుక్కల గీత కూడా వాళ్లే వేసేస్తారు. పిల్లలు "అవును టీచర్" అంటారు, అయిపోతుంది. అక్కడ అనుమానపడడానికి ఏమీ లేదు. అనుమానం లేకపోతే మడిచి చూడాల్సిన పనీ లేదు. కలుస్తుందో కలవదో ముందుగా తెలియని వస్తువులు కావాలి నాకు.

సామాన్ల పని, బుధవారం

అద్దాల షాపులో కోతకి మిగిలిన ముక్కలు అడిగితే నవ్వుకుంటూ ఇచ్చాడు. చెయ్యంత పొడవు, నాలుగు వేళ్ల వెడల్పు. అంచులు అక్కడే సాన పట్టించాను, ఇంటికొచ్చి నల్ల ఇన్సులేషన్ టేపు చుట్టాను. వెనక వైపు అట్ట అంటించాను, పగిలినా పెంకులు చెదరకుండా. అయినా చిన్న జట్టు చేతికి గాజు ఇవ్వాలంటే టెన్షనే. వాళ్లకోసం అద్దంలా మెరిసే యాక్రిలిక్ షీటు ముక్క ఒకటి తెప్పించాను. అది కొంచెం వంగుతుంది, అందులో మొహం సాగినట్టు కనిపిస్తుంది. వాళ్లకి అదో సరదా.

అద్దాన్ని బొమ్మ మీద నిటారుగా నిలబెట్టాలి. కొంచెం వాలినా అద్దంలోని సగం వంకర పోతుంది. రెండు చివర్లా పెద్ద బైండర్ క్లిప్పులు తగిలిస్తే కాళ్లలాగా నిలబడిపోయింది. ఇంకో చిక్కు కూడా ఉంది. మామూలు అద్దానికి పూత వెనక వైపు ఉంటుంది కాబట్టి, కాగితం మీది గీతకీ అద్దంలోని గీతకీ మధ్య సన్నని సందు కనిపిస్తుంది. అద్దం ఎంత మందమైతే సందు అంత ఎక్కువ. అందుకే ఉన్నవాటిలో పల్చనివి ఏరుకున్నాను.

మిగతా సరుకు ఇంట్లోదే. పెళ్లి శుభలేఖలు (ఒకవైపు తెల్లగా, మందంగా ఉంటాయి, మడత బాగా నిలుస్తుంది), చింతపిక్కలు, చాక్‌పీసులు, పాత కార్టన్ అట్ట. అట్టలో మా మావయ్య చతురస్రం, దీర్ఘచతురస్రం, సమబాహు త్రిభుజం, సమద్విబాహు త్రిభుజం, సమాంతర చతుర్భుజం, రాంబస్ (నాలుగు భుజాలూ సమానంగా ఉండి ఒరిగిన ముక్క) కొలత పెట్టి కోసిచ్చాడు. వడ్రంగం చేసే మనిషి కాబట్టి కోణం ఎక్కడా తప్పలేదు. ఇక్కడ తప్పితే మొత్తం పాఠమే తప్పుతుంది, అందుకని పిల్లలచేత కోయించలేదు.

శుక్రవారం

రంగు మరకలు వేయించాను. కాగితం మడిచి, విప్పి, ఒక పక్క పసుపు నీళ్లూ నీలిమందూ చిలకరించి, మళ్లీ మడిచి అదమడం. బాగానే వచ్చాయి, అరుగంతా నీలం అయింది. దీని గురించి ఇంతకన్నా రాయాల్సింది లేదు. ఇక్కడ పని అంతా కాగితమే చేస్తుంది, పిల్లలు చేసేదేమీ లేదు.

కత్తెర పని వేరు. మడిచిన శుభలేఖ మీద సగం తమలపాకు గీసి కత్తిరించమన్నాను. ఏ పక్క గీయాలో చెప్పలేదు. చిన్న జట్టులో సగం మంది మడత వైపు కాకుండా తెరిచి ఉన్న అంచు వైపు గీశారు. కత్తిరించి విప్పితే ఆకు రాలేదు, రెండు విడివిడి సగాలు చేతిలోకి వచ్చాయి. ఒక పిల్ల వాటిని అటూ ఇటూ పెట్టి చూసుకుని, "పిన్నీ, నా ఆకు ఇరిగిపోనాది" అంది. పక్కనున్నవాడు తన కాగితం విప్పి, "మడత కాడ కొయ్యకూడదే, అక్కడే కదా అతుక్కునుండేది" అన్నాడు. వాడికి ఆరేళ్లు. మడత గీత అంటే రెండు సగాలూ కలిసి ఉండే చోటు అని వాడికి చేతికి తెలిసింది. నేను నోరు తెరవలేదు, ఆ పిల్ల రెండో కాగితం తీసుకుని మడత వైపు గీసుకుంది.

కాగితం మడతలతో జ్యామితి చెప్పడం కొత్త సంగతేమీ కాదు. 1893లోనే మద్రాసు నుంచి టి. సుందరరావు గారు ఇదే పద్ధతి మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం వేశారు. కిండర్‌గార్టెన్ పిల్లలకిచ్చే మడత కాగితాలు చూసి ఆ ఆలోచన వచ్చిందట. స్కేలూ కంపాసూ లేకుండా పంచభుజి లాంటివి కూడా మడతలతోనే రాబట్టారు. మేం సగం తమలపాకు దగ్గర ఉన్నాం.

సంత రోజు

అడ్డాకులు తెచ్చాను. ఏజెన్సీ కొండల నుంచి మోపులుగా దిగుతాయి, విస్తర్లు కుడతారు. ఈ పాఠానికి దీన్ని మించిన ఆకు లేదు. పైన రెండు చెక్కలుగా చీలి ఉంటుంది, మధ్య ఈనె మీద దానంతట అదే మడుచుకుంటుంది. పిల్లలు మడిచి చూశారు: అంచు మీద అంచు పడింది. ఎండకి పట్టి చూస్తే ఈనెలు కూడా దాదాపు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. దాదాపే. "ఇక్కడ కొంచెం తేడా ఉంది" అని పట్టుకున్నవాళ్లు ఇద్దరు. చెట్టు స్కేలు పెట్టి గీయదు, కొంచెం తేడా ఉంటే ఒప్పుకుందామా అని అడిగితే పెద్ద వాదన అయింది. ఆకుకైతే ఒప్పుకోవచ్చు, అట్టముక్కకి ఒప్పుకోకూడదు అని తీర్పు వచ్చింది. నాకు నచ్చింది.

తర్వాత వేపాకు రెమ్మలు తుంచి ఇచ్చాను. చూడ్డానికి మామూలు ఆకే. మడిస్తే కలవదు. వేపలో ఒక్కో చిన్న ఆకుకీ మధ్య ఈనె ఒక పక్కకి జరిగి ఉంటుంది, మొదట్లో ఒక చెంప వెడల్పు, ఒక చెంప సన్నం. రోజూ వేప చెట్టు కింద ఆడుకునే పిల్లలు అది ఎప్పుడూ చూడలేదు. "చెట్టు తప్పు చేసింది" అన్నాడొకడు. ఇంకో ఆకు, ఇంకో ఆకు కోసి చూశారు. అన్నీ అంతే.

మార్గశిర గురువారం

ఒడియా వాళ్లకి మార్గశిరం మనకన్నా పదిహేను రోజులు ముందే మొదలవుతుంది, వాళ్ల నెల పున్నమితో ముగుస్తుంది కాబట్టి. లక్ష్మీపూజ చేసే మాణబసా గురువారాలు వచ్చేశాయి. ఎదురింటి గుమ్మం దగ్గర నుంచి లోపలి దాకా బియ్యప్పిండి జారుతో ఝొటి ముగ్గు వేశారు, వరి కంకులూ లక్ష్మీ పాదాలూ. మన ఇళ్లలోనూ మార్గశిర లక్ష్మివారాలు చేస్తాం కాబట్టి పాదాలు వేయడం పిల్లలకి అలవాటే.

పాఠం అక్కడే దొరికింది. చిన్న జట్టుని ఒక జత పాదాలు వేయమన్నాను. ఎక్కువమంది ఒకే పాదం రెండుసార్లు వేశారు, బొటనవేలు రెంటికీ ఒకే పక్క. పక్కింటి మామ్మగారు తొంగి చూసి ఒక పిల్లతో, "లక్ష్మమ్మకి రెండూ ఎడంకాళ్లే పెట్టేవేటే!" అనేసరికి అరుగంతా నవ్వులు. ఆ పిల్ల ఉడుక్కోలేదు. తన కాళ్లు రెండూ దగ్గరగా పెట్టుకుని వంగి చూసుకుంది. బొటనవేళ్లు రెండూ మధ్యన పక్కపక్కన ఉన్నాయి. చెరిపి మళ్లీ వేసింది.

పెద్ద జట్టుకి ఇంకో ప్రశ్న వేశాను. ఒక్క పాదానికి మడత గీత ఉందా? లేదు. జతకి ఉందా? ఉంది, రెండు పాదాల మధ్యలో. విడిగా ఒక్కదానికి లేనిది జత కలిస్తే వచ్చింది. ఇది వాళ్లకి బాగా పట్టింది. గుమ్మం దగ్గర విప్పిన చెప్పులు, చేతులు, గేదె కొమ్ములు, అన్నీ వెతుక్కుంటూ పోయారు. మా ఊళ్లో కొమ్ముతో దువ్వెనలూ పిట్టలూ చేసే పనితనం ఉంది కాబట్టి కొమ్ము అనగానే పిల్లలకి పరాయిగా అనిపించదు. ఎడమ కొమ్ముని కుడి పక్క పెడితే ఎలా ఉంటుందో బంకమట్టితో చేసి చూపించాడొకడు. గేదె ఒక పక్కకి పడిపోతున్నట్టు ఉంది.

ఇంకొకటి పాఠంలో లేనిది జరిగింది. పిండి జారులో కాళ్లు ముంచి అరుగు మీద నడిచారు. ఎడమ, కుడి, ఎడమ, కుడి. జతగా నిలబడ్డ పాదాలు పక్కపక్కన సమంగా ఉంటాయి, నడిచిన పాదాలు అలా ఉండవు, ఒకటి కొంచెం ముందుకి జరిగి ఉంటుంది. మడిస్తే కలవవు. మడిచి, ఒక అడుగు ముందుకి జరిపితే కలుస్తాయి. లెక్కల్లో దీనికి వేరే పేరు ఉంది, చీర అంచుల్లో తీగలూ ఆకులూ చాలావరకు ఈ పద్ధతిలోనే నడుస్తాయి. ఇది ఈ వయసుకి ఎక్కువే, చూసి వదిలేశాం. అరుగు కడగడం మాత్రం నా వంతు.

డిసెంబరు, మంగళవారం

ఈ ప్రాజెక్టులో అసలైన రోజు ఇదే అనిపిస్తోంది.

అట్టముక్కలు బయటికి తీశాను. చతురస్రం తేలిగ్గానే సాగింది: నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి, మూల నుంచి మూలకి రెండు, మొత్తం నాలుగు. వెంటనే దీర్ఘచతురస్రం ఇచ్చాను. అందరూ ఒకే గొంతుతో "నాలుగు" అన్నారు. పాస్‌బుక్కు సైజు కాగితం ఇచ్చి మడవమన్నాను. నిలువు కలిసింది, అడ్డం కలిసింది. మూల నుంచి మూలకి మడిస్తే రెండు చెవులు బయటికి పొడుచుకొచ్చాయి.

చాలామంది "అయితే రెండే" అని ఒప్పుకున్నారు. మూడో తరగతి కుర్రాడొకడు ఒప్పుకోలేదు. "సగం సగమే కదేటి పిన్నీ? ఈ ముక్కా ఆ ముక్కా ఒకటే కదా?" అంటాడు. మడత సరిగా పెట్టలేదని వాడి అనుమానం, గోటితో గీకి గీకి మళ్లీ పెట్టాడు. చెవులు పోలేదు. అప్పుడు కత్తెర తీసుకుని ఆ గీత మీదే కోసేశాడు. రెండు త్రిభుజాలు. ఒకదాన్ని తిప్పి రెండోదాని మీద పెడితే అచ్చంగా సరిపోయింది. "చూడండి!" అన్నాడు గెలిచినట్టు.

గెలిచాడు కూడా. వాడి మాట నిజమే, రెండు సగాలూ సమానం. కానీ సమానంగా ఉండటం వేరు, మడిస్తే కలవడం వేరు. చాలా పుస్తకాల్లో "రెండు సమాన భాగాలుగా చేసే గీత" అని రాసి వదిలేస్తారు. ఆ ముక్క పట్టుకుని చదివిన పిల్లాడికి దీర్ఘచతురస్రం కర్ణం తప్పు అని చెబితే వాడు ఎందుకు ఒప్పుకోవాలి? వాడిని తప్పుపట్టడానికి నాకు మనసొప్పలేదు. అద్దం తీసుకొచ్చి, ఇంకో కాగితం మీద ఆ కర్ణం వెంటే నిలబెట్టమన్నాను. తల వంచి చూశాడు. అద్దం ముందు సగం, అద్దంలో సగం, రెండూ కలిపితే దీర్ఘచతురస్రం లేదు. "గాలిపటం!" అన్నాడు. తర్వాత అందరూ వరసగా వచ్చి తలకాయలు వంచి చూశారు. కర్ణం మీద పెడితే గాలిపటం, మధ్యన నిలువుగా పెడితే మళ్లీ దీర్ఘచతురస్రమే. అద్దంలో పాత ఆకారమే కనబడితే అది మడత గీత, వేరేది కనబడితే కాదు. ఈ సూత్రం నేను చెప్పింది కాదు, ఆ కుర్రాడు చెప్పిన దాన్ని కొంచెం సరిచేసి రాసుకున్నాను.

సమాంతర చతుర్భుజం ఇస్తే అక్కడా అదే గొడవ, ఇంకా ఎక్కువ. ఒరిగిన ఆ ముక్కకి ఒక్క మడత గీత కూడా లేదు. పిల్లలకి నమ్మకం కుదరలేదు, చాలాసేపు తిప్పి తిప్పి మడిచారు. లేదు అని తేల్చుకోవడానికి ఉంది అని తేల్చుకోవడం కన్నా ఎక్కువ పని పడుతుంది. రాంబస్‌కి మాత్రం కర్ణాలు రెండూ పనిచేశాయి, నిలువూ అడ్డమూ పనిచేయలేదు, దీర్ఘచతురస్రానికి సరిగ్గా ఎదురు. ఇది ఎవరూ గమనించలేదు, నేనూ చెప్పలేదు. ఉండనీ.

వృత్తం దగ్గర సమయం చాల్లేదు. స్టీలు కంచం పెట్టి గీసిన వృత్తాన్ని ఒక పిల్ల మడుస్తూ, విప్పుతూ, ఇంకో చోట మడుస్తూ కూర్చుంది. లెక్క ఎంత వచ్చిందే అంటే, "ఎక్కడ మడిసినా కలుస్తోంది, ఇంకేటి లెక్కెట్టను" అంది.

డిసెంబరు, గురువారం, శుక్రవారం

సగాలు తిప్పితే కలుస్తాయన్న ఆ కుర్రాడి పట్టుదలని గాలికి వదిలేయడం ఇష్టం లేక, తిప్పడం కూడా పాఠంలో చేర్చాను. ముందు అనుకున్న ప్రణాళికలో ఇది లేదు. పెద్ద జట్టుకి మాత్రమే.

అట్టముక్క చుట్టూ పెన్సిల్‌తో గీసి, మధ్యలో గుండుసూది గుచ్చి, ముక్కని మెల్లిగా తిప్పడం. ఒక చుట్టు పూర్తయ్యేలోపు గీసిన గీతలో ఎన్నిసార్లు కూర్చుంటుందో లెక్కపెట్టాలి. చతురస్రం నాలుగు, సమబాహు త్రిభుజం మూడు, దీర్ఘచతురస్రం రెండు. ఒక్క మడత గీతా లేని సమాంతర చతుర్భుజం కూడా రెండుసార్లు కూర్చుంది! పెద్దవాళ్ల పుస్తకాల్లో దీన్ని భ్రమణ సౌష్ఠవం అంటారు. కేంద్రం ఎక్కడ అన్నది చిక్కు. నాలుగు మూలల ముక్కలకైతే రెండు కర్ణాలు గీసి, అవి కోసుకున్న చోటే సూది గుచ్చాలి, కొంచెం పక్కకి గుచ్చితే ఏదీ కూర్చోదు.

నందివర్ధనం పూలు మా పెరట్లోవే. ఐదు రేకలూ గాలిమరలా ఒకే పక్కకి మెలి తిరిగి ఉంటాయి. అద్దం ఎటు పెట్టినా అద్దంలో రేక ఎదురు మెలి తిరుగుతుంది, పువ్వు పాడవుతుంది. మడత గీత లేదు. తిప్పితే మాత్రం ఐదుసార్లు కూర్చుంటుంది. శంఖు పువ్వు దీనికి పూర్తిగా ఎదురు: తిప్పితే కూర్చోదు, మధ్యన ఒకే ఒక్క మడత గీత. రెండు పూలూ పక్కపక్కన పెట్టి చూపించడానికి ఇంతకన్నా మంచి జత నాకు తెలియదు. బొమ్మలతో చెబితే రెండు రోజులు పట్టే సంగతి.

కూరల అచ్చులు కూడా వేశాం. బెండకాయ అడ్డంగా కోస్తే మామూలుగా ఐదు గదులు, కొన్ని రకాల్లో ఎక్కువ కూడా ఉంటాయి. అరటిపండు కోసి చూస్తే గింజల చాళ్లు మూడు వైపులా. అచ్చు వేసేటప్పుడు తినేశారు కాబట్టి అరటిపండు అచ్చు ఒకటే మిగిలింది.

వర్షం రోజు

మబ్బు, చినుకులు. లోపల కూర్చోబెట్టి అక్షరాలతో ఆడించాను. ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ఏ, ఎం, టి, యూ, వీ, డబ్ల్యూ, వై నిలువు అద్దానికి నెగ్గాయి. బి, సి, డి, ఇ అడ్డం అద్దానికి. హెచ్, ఐ, ఓ, ఎక్స్ రెంటికీ. ఎన్, ఎస్, జెడ్ అద్దానికి ఓడిపోయి, తలకిందులు చేస్తే మాత్రం మళ్లీ తామే అయ్యాయి. తెలుగులో తలకట్టు ఉన్నవన్నీ ఆ తలకట్టు దగ్గరే దొరికిపోయాయి, సున్న ఒకటి గట్టిగా నెగ్గింది. ఒడియా మీడియం పిల్ల లేచి నిలబడి, "మా ఠ ఉంది కదా!" అంది. ఒడియా ఠ అచ్చంగా గుండ్రమే. ఆ రోజంతా దాని గర్వం దాన్ని నేల మీద నిలవనీయలేదు.

నెలగంట పెట్టాక

ధనుర్మాసం వచ్చింది, వీధిలో ముగ్గుల పోటీ మొదలైంది. ఇక పాఠం నేను చెప్పేదేముంది?

ఒకటి మాత్రం జాగ్రత్తగా చూపించాలనుకున్నాను. ఎదురు చుక్క ముగ్గు వేరు, సందు చుక్క ముగ్గు వేరు. ఏడు చుక్కలు పెట్టి, రెండేసి తగ్గిస్తూ ఒకటి దాకా ఎదురెదురుగా వస్తే మొత్తం 25 చుక్కలు. దాని మీద వచ్చేవి నాలుగు వైపుల ముగ్గులు. అదే ఏడు పెట్టి, సందుల్లో ఒక్కొక్కటి తగ్గిస్తూ నాలుగు దాకా వస్తే 37 చుక్కలు, ఆరు మూలల ముగ్గు. కాగితం మీద వేయించినప్పుడు చుక్కకీ చుక్కకీ రెండు సెంటీమీటర్లు పెడితే, వరసకీ వరసకీ కూడా రెండు పెట్టకూడదు, సుమారు 1.7 పెట్టాలి. అప్పుడే మూడు పక్క చుక్కలు సమబాహు త్రిభుజం అవుతాయి, ఆరు మడత గీతలూ నిలుస్తాయి. రెండే పెడితే ముగ్గు నిలువుగా సాగి, ఆరులో రెండే మిగులుతాయి. మామ్మగారు కొలత లేకుండా వేళ్లతోనే ఆ దూరం పెట్టేస్తారు. ఎలా అంటే, "దగ్గరగా లాగాలమ్మాయ్, లేకపోతే ముగ్గు పొడుగైపోద్ది" అన్నారు. ఆవిడ ముగ్గు వేస్తున్నప్పుడు గమనించాను: ఒక మూల పూర్తి చేసి, తను లేచి పక్క మూలకి జరిగి, మళ్లీ అదే చెయ్యి అదే తీరుగా తిప్పుతారు. ఆరు మూలలకీ ఆరుసార్లు చోటు మారతారు. పిల్లలేమో ఒక్కచోటే కూర్చుని అవతలి మూలకి చెయ్యి చాచి వేస్తారు, అందుకే అవతలివి వంకర.

రెండు అద్దాలని వెనక టేపుతో తలుపు రెక్కల్లా కలిపాను. మధ్యన చింతపిక్క పెట్టి, 90 డిగ్రీలు తెరిస్తే నాలుగు పిక్కలు కనిపిస్తాయి, 72కి ఐదు, 60కి ఆరు. 360ని కోణంతో భాగిస్తే ఎంతో అంత. కింద అట్ట మీద ఆ కోణాలు ముందే గీసి పెట్టాను. పిక్క బదులు ఒక గీత అడ్డంగా గీస్తే 120 దగ్గర త్రిభుజం, 90 దగ్గర చతురస్రం, 60 దగ్గర షడ్భుజి. ముగ్గులో ఒక్క మూల గీసి 60 డిగ్రీల అద్దాల మధ్య పెడితే ముగ్గంతా కనబడుతుంది. ఇది మొదలుపెట్టాక ఆ సాయంత్రం ఇంకేమీ జరగలేదు.

అదే వారం

జంటల ఆట. నేల మీద చుక్కల గడి, మధ్యన పురికొస. ఒకరు తన వైపు చింతపిక్కలు పెడితే, రెండోవాళ్లు అద్దం లేకుండా తమ వైపు పెట్టాలి. పురికొస నిలువుగా ఉంటే చిన్న జట్టు కూడా దర్జాగా పెట్టేసింది. అడ్డంగా మారిస్తే కొంచెం తడుముకున్నారు. ఏటవాలుగా, మూల నుంచి మూలకి పెడితే పెద్ద జట్టు కూడా చెదిరిపోయింది. చాలామంది పురికొస ఏటవాలుగా ఉందన్న సంగతే మరిచి, పిక్కలు నిలువు గీతకి పెట్టినట్టే పెట్టారు. ఇది మా పిల్లల లోపం కాదు. నిలువు గీతకి అటూ ఇటూ ఉన్న పోలిక కంటికి ఇట్టే తగులుతుంది, మిగతా వైపులవి అంత తేలిగ్గా తగలవు అని ఎర్నెస్ట్ మాక్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త పందొమ్మిదో శతాబ్దంలోనే రాశాడు. పుస్తకాల్లోని సీతాకోకచిలుకలన్నీ నిటారుగా నిలబడి ఉండటం వల్ల పిల్లలకి మిగతా వైపులు అలవాటు కావడం లేదు. పుస్తకాల మీద నా కోపానికి ఇది ఇంకో కారణం.

మందు మామ్మగారి దగ్గరే దొరికింది. పురికొసని కదపకుండా, పిల్లనే జరిగి పురికొస ఎదురుగా కూర్చోమన్నాను. ఏటవాలు గీత తనకి నిలువైపోయింది. పిక్కలు చకచకా పడ్డాయి. ఇప్పుడు ఏటవాలు గీత కనబడగానే పిల్లలు ముందు లేచి చోటు మారుతున్నారు. కొందరు కూర్చున్నచోటే మెడ వంచి సరిపెట్టుకుంటున్నారు.

సెలవులకి ముందు, శనివారం

ఎంతవరకు వచ్చిందో చూడటానికి, ఇప్పటిదాకా చేతికివ్వనివి ఇచ్చాను: అష్టాచెమ్మా గడి, కళ్లజోడు, నక్షత్రం బిస్కెట్టు, తాళంచెవి, మావయ్య కొత్తగా కోసిన విషమబాహు త్రిభుజం. చిన్న జట్టులో ఎక్కువమంది అడక్కుండానే మడవడానికో అద్దానికో చెయ్యి చాస్తున్నారు, అది చాలు. గడికి నాలుగు గీతలూ కనిపెట్టింది ఆరేళ్ల పిల్లే. తాళంచెవి దగ్గర మాట రెండయింది: పళ్లు కలుపుకుంటే లేదు, పళ్లు లేకపోతే ఉంది.

తిప్పడం మాత్రం పూర్తిగా పట్టుబడలేదు. మడత గీతల లెక్కకీ తిప్పితే వచ్చే లెక్కకీ పెద్ద జట్టులో చాలామంది ఇంకా ముడిపెడుతున్నారు, చతురస్రానికి రెండూ నాలుగే కావడం వల్ల. వాళ్లకి దీర్ఘచతురస్రం కూడా సాయపడదు, దానికీ రెండూ రెండే. అందుకే సమాంతర చతుర్భుజంతోనే మొదలుపెట్టాలి, నందివర్ధనం పక్కన పెట్టుకుని.

ఈ సరంజామా సెలవుల తర్వాత గుణుపూర్ దగ్గర చిన్నపిల్లలకి పాఠాలు చెప్పే మా స్నేహితురాలికి వెళుతోంది. పంపేముందు గాజు అద్దాలన్నీ తీసేసి యాక్రిలిక్‌వి పెడుతున్నాను, అట్టకి అంటిస్తే అవి వంగడం కూడా తగ్గింది. కోణాల అట్ట మీద 45 కూడా గీశాను, ఎనిమిది పిక్కలు కావాలని వాళ్ల పిల్లలూ అడుగుతారు. దీర్ఘచతురస్రం కాగితాలు కట్టగా ఎక్కువే పెట్టాను, ఆ కర్ణం దగ్గర కోసేసేవాళ్లు అక్కడా ఉంటారు. అడ్డాకులు పెట్టెలో పెట్టలేదు. ఎండితే మడత దగ్గర పెళుసుగా విరిగిపోతాయి, వాటిని అక్కడ సంతలో పచ్చివే కొనుక్కోమని చీటీ రాసి అద్దాల మీద అంటించాను.